కార్డు మీద తేలిపోయిన పసుపు

నిన్న సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, మా బిల్డింగు కింద మోటారు గది దగ్గర వాచ్‌మన్ చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి, అందులో పరీక్ష మందు చుక్కలు వేసి, లేత పసుపెక్కిన ఆ నీళ్ళను గోడకు అంటించిన రంగుల కార్డు పక్కన పెట్టి "బరాబర్ హై" అంటూ రిజిస్టరులో టిక్కు కొట్టాడు. సరిగ్గా అప్పుడే నాకు భయం వేసింది. నీళ్ళను చూసి కాదు, కార్డును చూసి.

మా చిన్నవాడికి మూడు రోజులుగా వాంతులు. డాక్టరు నీళ్ళ సంగతి అడిగితే, మా సొసైటీలో రోజూ క్లోరిన్ పరీక్ష చేస్తారండీ అని కాస్త గర్వంగానే చెప్పి వచ్చాను. ఆ గర్వం ఎంతవరకు నిజమో చూద్దామని కిందికి దిగాను. కార్డు మీద నాలుగు గళ్ళున్నాయి. మొదటి గడి రంగు వస్తే నీళ్ళలో క్లోరిన్ చాలనట్టు, రెండోది వస్తే సరిపోయినట్టు. కానీ ఈ కార్డులో మొదటి గడికీ రెండో గడికీ తేడా చెప్పాలంటే జ్యోతిష్యం రావాలి. దగ్గరగా చూస్తే పసుపు మధ్యలో నలుసుల్లా గులాబీ చుక్కలు కూడా ఉన్నాయి. మీటింగులో సెక్రటరీ గారు చూపించిన అసలు కార్డు నాకు గుర్తుంది. దాని రెండో గడి పండిన నిమ్మకాయ రంగు. ఇది ఆ నిమ్మకాయ కడిగిన నీళ్ళ రంగు. వాచ్‌మన్‌ను అడిగితే, కిట్టులో వచ్చిన కార్డు ఒక్కటేననీ, సొసైటీలోని ఆరు వింగులకూ, అంటే ఆరు బ్లాకులకూ, చాలదని సెక్రటరీ సాబ్ బావమరిది తన డిజిటల్ ప్రింట్ షాపులో నకళ్ళు తీసి ఇచ్చాడనీ చెప్పాడు. ఎలా తీశాడని అడగనక్కర్లేదు. ట్యూబులైటు కింద ఫోనుతో ఫోటో తీసి, ఆ ఫోటోలోంచి రంగు తోడి, మీట నొక్కి ఉంటాడు. ఇప్పుడు ఊళ్ళో సగం మంది రంగుల పండితులు చేసే పని అదే.

నా ఈడువాళ్ళలో ఈ ఊరి ఖటోదరా, పాండెసరా బట్టల అచ్చు యూనిట్లలో తొలి డిజిటల్ యంత్రాల ముందు కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకు నా చిరాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు మాత్రం కాస్త చెప్పాలి. ఈ యంత్రాలు మామూలుగా కొన్ని సిరాలను సన్నని చుక్కలుగా చల్లి, కంటిని మభ్యపెట్టి, ఏ రంగు కావాలంటే ఆ రంగు పుట్టిస్తాయి. చాలా వాటికి ఆ మభ్యపెట్టడం సరిపోతుంది. కొన్ని రంగులకు సరిపోదు; ఒక వ్యాపారి చీరల అంచుకు వాడే పసుపు ఈ ఏడూ వచ్చే ఏడూ అదే పసుపుగా ఉండాలి. అలాంటి రంగుకు ఒక పేరు పెట్టి, ఆ పేరు కింద ఏ సిరా ఎంత పడాలో పాళ్ళు రాసి, సాఫ్ట్‌వేర్‌లో దాచేవాళ్ళం. దాన్నే స్పాట్ కలర్ అనేవాళ్ళం. డిజైనులో ఆ పేరు కనబడగానే యంత్రం తన సొంత తెలివి కట్టిపెట్టి, ఆ పాళ్ళే వెయ్యాలి. బట్ట మారితే పాళ్ళు మళ్ళీ కట్టాలి, యంత్రం మారినా మళ్ళీ కట్టాలి. ఇందులో కష్టమేమీ లేదు, ఓపిక ఉండాలి, అంతే. ఇప్పుడు కరువైంది అదే.

డిగ్రీ పూర్తయ్యాక నన్ను ఆ పనిలో పెట్టించింది మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు. ఆయన బమ్రోలిలో ఉంటూ, పాండెసరా మిల్లులో ఇరవై ఏళ్ళు రంగులు కలిపిన మనిషి. స్క్రీన్ అచ్చుల కాలం పోయి కంప్యూటర్లు వచ్చాక, తర్వాత నేనూ చేరిన ఖటోదరా యూనిట్‌లో యజమాని సేఠ్ ఆయన్ను అచ్చయిన గుడ్డను చూసి సరే, కాదు అని చెప్పడానికి పెట్టుకున్నాడు. ఆయన అప్పటికప్పుడు ఏ రంగునూ ఒప్పుకునేవాడు కాదు. ఉత్తరం వైపు కిటికీ ఒకటుండేది. పొద్దున పదకొండు దాటాక అక్కడ గుడ్డ పరిచి, కళ్ళు తేటపడేదాకా కాసేపు బయటి ఆకాశాన్ని చూసి, అప్పుడు గుడ్డను చూసేవాడు. ప్రతి రంగుదీ వేలెడంత కత్తిరింపు బిస్కెట్ డబ్బాలో ఉండేది, వెనక పేరూ బట్టా రాసి. నేను బీఎస్సీ చదివిన దాన్ని, ఆ డబ్బాను చూసి నవ్వుకునేదాన్ని. కంప్యూటరులో అంతా ఉందిగా అని.

ఆయన నాకు చెప్పిన నియమం ఒక్కటే. "పాతదాన్ల చెయ్యి వెట్టకు బిడ్డా. జర ఏరే కావాల్నంటే, ఏరే పేరు వెట్టి కొత్తది జేస్కో." రోజుకు రెండుసార్లు చెప్పేవాడు. నేను రోజుకు రెండుసార్లు విసుక్కునేదాన్ని.

ఒక మధ్యాహ్నం, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, సేఠ్ ఫోను పట్టుకుని వచ్చాడు. ఎవరో కొత్త పార్టీ ఫోటో పంపాడట, మన చీర అంచు పసుపే కానీ కొంచెం లేతగా కావాలట. కొత్త పేరుతో కట్టి, చిన్న ముక్క మీద వేసి చూపిస్తానన్నాను. "అరే బేటా, ఇసీ మే కర్ దో నా, నయా క్యూ బనానా" అన్నాడు. ఉన్నదాన్లోనే మార్చెయ్ అని. అతను ఫోను తెర మీది పసుపునూ నా కంప్యూటరు తెర మీది పసుపునూ పక్కపక్కన పెట్టి చూసుకుని మురిసిపోయిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. దీపాల్లా వెలిగే రెండు తెరలను పోల్చి బట్ట రంగు తేల్చగల ఆ మహానుభావుడు ముప్ఫై ఏళ్ళుగా బట్టల వ్యాపారంలోనే ఉన్నాడు మరి. నేనేమైనా తక్కువ తిన్నానా. ఆ పసుపును తెరిచి, పాళ్ళు తగ్గించి, అదే పేరు మీద భద్రపరిచాను. అర నిమిషం పట్టలేదు.

ఆ పేరు మీద ఉన్న డిజైన్లన్నింటికీ ఆ అర నిమిషంలోనే పాళ్ళు మారిపోయాయి. పది రోజుల తర్వాత పాత వ్యాపారి చీరలకు జాకెట్ ముక్కలు అచ్చువేస్తే, చీర అంచు ఒక పసుపు, ముక్క ఇంకో పసుపు. సరుకంతా వెనక్కి వచ్చింది. సేఠ్ అందరి ముందూ చిన్నాయన మీద పడ్డాడు, నువ్వు చూసి పంపిందే కదా అని. నిజానికి ఆ రోజు ఆయన్ను చూడనిచ్చిందెవరు, బండి బయట ఆగి ఉందని సేఠే తొందరపెట్టి ఎక్కించాడు. చిన్నాయన డబ్బాలోంచి పాత కత్తిరింపు తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాడు, తర్వాత నా వైపు చూశాడు, తర్వాత బయటికి చూశాడు. ఎవరి చెయ్యి పడిందో ఆయనకు తెలిసిపోయింది. ఆ యూనిట్‌లో కంప్యూటరులో రంగుల పాళ్ళు తెరిచేది నేనొక్కదాన్నే.

"నా కండ్లకు వయసైంది సేఠ్" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. సేఠ్ కూడా, తన ఫోనూ తన మాటా గుర్తున్నా, తెరవలేదు. అతని మీద నాకున్న ఏవగింపు సంగతి సరే, చదువుకున్న దాన్ని, ఆయన నేర్పిన పనితోనే అన్నం తింటున్నదాన్ని, తెర వెనక ముఖం దాచుకుని కూర్చున్నాను చూడండి, దానికి ఏ పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నాయన బిస్కెట్ డబ్బా చంకన పెట్టుకుని ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. నేను ఇంకో రెండేళ్ళు చేసి, పెళ్ళయ్యాక మానేశాను.

నిన్న ఆ గాజు గొట్టం చేత పట్టుకుని నేరుగా సెక్రటరీ గారి ఇంటికి వెళ్ళాను. అసలు కార్డు ఆయన బీరువాలో, ప్లాస్టిక్ కవరులో, ఎవరికీ అక్కరకు రానంత భద్రంగా ఉంది. ఇవ్వమంటే, "ఫోటో లే లో బెన్" అన్నాడు, ఫోటో తీసుకో అక్కా అని. ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, కోపం వచ్చింది, అడిగి అడిగి చివరికి కార్డుతో సహా ఆయన్ను బాల్కనీలోకి నడిపించాను. గొట్టంలో నీళ్ళు అసలు కార్డు మొదటి గడినే ఇంకా అందుకోలేదు, అంటే వాటిలో క్లోరిన్ లేనట్టే. ఆయన కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, పసుపు పసుపే కదా బెన్, బయటి వెలుతురులో అన్నీ వేరుగానే కనిపిస్తాయి, ఆదివారం మీటింగులో పెడదాం అన్నాడు. ఆదివారానికి ఇంకా అయిదు రోజులున్నాయి. ఈ అయిదు రోజులూ ఆరు వింగుల్లో ఆరుగురు వాచ్‌మన్లు ఆ కడుగునీళ్ళ రంగు చూసి టిక్కులు కొడుతూనే ఉంటారు, మా వాడి ఈడు పిల్లలు ఆ నీళ్ళే తాగుతూ ఉంటారు. ఆయన బావమరిది మనసు నొప్పించకూడదు కదా.

ఇంటికొచ్చి గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టి, చిన్నాయనకు ఫోను చేశాను. ఇప్పుడాయనకు నిజంగానే ఒక కంట్లో శుక్లం. కార్డు సంగతంతా చెప్పి, ఆ వేగంలోనే, ఇన్నేళ్ళుగా చెప్పనిది కూడా చెప్పేశాను, ఆ పసుపు మార్చింది నేనే అని.

"ఎర్కేనే బిడ్డా. గిప్పుడు గదెందుకు" అన్నాడు. తర్వాత, "సెక్రటరీకి జెప్పినవ్, మంచిదే. మరి కార్డింక గోడకే ఉన్నదా?" అని అడిగాడు.

ఉంది అన్నాను.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ ఆ ఉత్తరపు కిటికీ గురించే ఆలోచిస్తున్నాను. ఆ యూనిట్ స్థానంలో ఇప్పుడు ఫోను కవర్ల మీద పెళ్ళి ఫోటోలు అచ్చువేస్తారట, కిటికీని ఏసీ కోసం మూసేశారట. యంత్రాలు మాత్రం మా కాలం కన్నా ఎన్నో రెట్లు మంచివి. రంగును కొలిచే పరికరం అరచేతిలో పడుతుంది, పేరు పెట్టి పాళ్ళు కట్టడం చిటికెలో పని. అయినా కొలిచే ఓపిక ఎవరికీ లేదు. ఒక రంగు మీద ఒక మనిషి ఆరోగ్యం ఆధారపడి ఉండొచ్చన్న ఊహ కూడా లేదు. రంగు ముందు నిలబడి, ఒక్కసారి ఆకాశం వైపు చూసి, మళ్ళీ దాని వైపు చూసే మనుషులు పోయారు, వాళ్ళను పంపించేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఫోను చేసిన మర్నాడే, అంటే ఈ ఉదయం, స్కూలు బస్సు రాకముందే కిందికి వెళ్ళి గోడ మీది కార్డును గోటితో అంచు లేపి ఊడదీశాను. తిరిగొచ్చి, స్కూలుకు బయల్దేరుతున్న మా అమ్మాయి సంచిలో కాచి చల్లార్చిన నీళ్ళ సీసా పెట్టి, మంచం మీద చిన్నవాణ్ణి కూడా లేపి కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. ఇంట్లో కాచిన నీళ్ళు తప్ప ఇంకేవీ తాగొద్దు, మీ స్నేహితులకు కూడా చెప్పండి. కింద కార్డు ఎవరు తీశారని ఎవరైనా అడిగితే, తెలియదనకండి, మా అమ్మే తీసిందని చెప్పండి.