అరచేతి తూకం

ఇనుప కొక్కేన్ని ఆడించి బహుమతిని పైకి లాగే గాజు మిషన్లు తెనాలి, బాపట్ల, రేపల్లె ఆటల షాపుల్లో ఉన్నాయి. వాటిని నింపడం శాలేమురాజు పని. అడుగున ఎలుగుబంటి బొమ్మలు పరిచి, పైన ఖరీదైన సెల్‌ఫోను పెట్టె నిలబెడతాడు. అంతకుముందు దాన్ని అరచేతిలో ఆడించి బరువు చూస్తాడు. జనానికి చూపడానికి కౌంటరు మీద ఉంచే ఖాళీ పెట్టె కూడా అచ్చం అలాగే ఉంటుంది, రెండూ ఒకే సంచిలో వస్తాయి. ఆ రోజు రేపల్లెలో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ బరువు చూడకుండానే మిషన్ తలుపు మూసేశాడు. అది గుర్తొచ్చేసరికి పెట్టె కొక్కేనికి చిక్కి, ఆట గెలిచిన, నిజాంపట్నం చేపలు తెచ్చి అమ్మే కోటిరత్నం చేతిలో ఉంది. చుట్టూ జనం. ఖాళీదైతే ఫోను తనే కాజేశాడంటారు.

“ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా, చూసిస్తాను.”

“ఏంటి చూసేది? నీ చేతికిస్తే తిరిగొస్తుందా?” అంటూ ఆమె పెట్టెను, చేపను ఆడించినట్టే అరచేతిలో ఆడించింది. “పావుకిలో పైనే ఉందిలే అన్నా. నీ మొహం చూసి ఉత్త పెట్టేమోనని హడిలిపోయాను.”

విప్పితే ఫోను మెరుస్తూ కనిపించింది. శాలేమురాజు వెళ్లి కౌంటరు మీది పెట్టెను ఎత్తి చూశాడు. దూదిలా తేలిపోయింది. పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.