దజీజ్ గోడౌనులో శ్రీకారం

ఆ రోజుల్లో మూసి ఉన్నది ఏది కనిపించినా తెరిచి చూడాలని నాకు ఒకటే దురద. డబ్బా మూతైనా సరే, కంప్యూటర్లో నొక్కనివ్వని బటనైనా సరే. (ఇప్పుడు ఆ దురద తగ్గిందని కాదు, దానికే జీతం ఇస్తున్నారు.) కడప నుంచి డిగ్రీ పట్టుకుని కువైట్ వచ్చిన కొత్త. దజీజ్ అనే పేటలో ఒక గోడౌనులో లారీలకు గేట్‌పాసులు కొట్టే పని. అది మా పిన్ని చలవ. ఆమె వంట చేసే ఇంటి యజమానురాలు, పిన్ని మాటల్లో 'మామా', మా కంపెనీ యజమానికి అక్క. పిన్ని బతిమాలితే ఆవిడ తమ్ముడికి చెప్పింది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, ఇంకా పడలేదు. "నా మాట మింద నిన్ను పెట్టుకున్యారు రా. మామా కాడ నా తల దించే పని సేయాకు. గమ్మున నీ పని నువ్వు జూసుకో" అని ప్రతి శుక్రవారం ఫోన్లో చెప్పేది. గమ్మునుండటం ఒక్కటే నాకు రాని విద్య.

అంతలో గోడౌను ప్రింటర్ చచ్చిపోయింది. కొత్తది వచ్చింది గానీ, అట్టపెట్టెలోంచి తీసి తగిలిస్తే చాలదట. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది సిటీ హెడ్డాఫీసులో ఉండే మలయాళీ సారు దగ్గర మాత్రమే ఉంది. ఆయన్ని మేం పాస్‌వర్డ్ సారు అనేవాళ్లం. ఫోన్ చేస్తే "బుక్రా" అనేవారు, అంటే రేపు. ఆ రేపు ఏ వారంలో వస్తుందో ఎవరికీ తెలియదు. నేను చేత్తో పాసులు రాస్తుంటే బయట లారీలు బారులు తీరేవి. జగిత్యాల డ్రైవరన్న కిటికీలో తల పెట్టి, "తమ్మీ, నువ్వు ఏసీల కూసున్నవ్, మేం ఎండల ఎండుతున్నం. సదువుకున్నోనివి, ఏమన్న జెయ్యరాదు" అనేవాడు.

హెడ్డాఫీసుతో కలవడానికి మా కంప్యూటర్లో ఒక నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఉండేది. పొద్దున్నే నొక్కితే పచ్చగా మారాలి, అప్పుడే పని మొదలు. ఒక రోజు అది పచ్చబడకుండా సతాయిస్తుంటే అందులోని బటన్లన్నీ నొక్కుతూ పోయాను. ఏదో రిపోర్టును ఎక్కడ దాచమంటావంటూ చిన్న కిటికీ తెరుచుకుంది. రోజూ 'అనుమతి లేదు' అని నా మొహం మీద తలుపేసే ఫోల్డర్లన్నీ ఆ కిటికీలో బార్లా తెరుచుకుని ఉన్నాయి. ఇదెలా సాధ్యమని చాలాసేపు బుర్ర గోక్కున్నాను. అప్పుడు మందూబ్ కారు గుర్తొచ్చింది. మందూబ్ అంటే కంపెనీ కాగితాల పని మీద ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. మా మందూబ్ కారు కనిపిస్తే చాలు, గేటు దగ్గర కాపలావాడు సలాం కొట్టి అడ్డకర్ర ఎత్తేవాడు. వెనక సీట్లో ఎవరున్నారని ఏనాడూ వంగి చూడలేదు. (ఆ సీట్లో ఉన్నది చాలాసార్లు నేనే.) ఈ సాఫ్ట్‌వేరూ అంతే, కంప్యూటర్ యజమాని హోదాలో తిరుగుతోంది. అది తెరిచిన కిటికీ వెనక సీటన్నమాట. నేను ఎక్కి కూర్చున్నాను.

ఎక్కి, ఆ కిటికీలోంచే ప్రింటర్ ఎక్కించాను. దానికి పేరేమిటని అడిగింది. మా ఇంట్లో పరీక్ష రాసినా, కొత్త పెన్ను గీసి చూసినా ముందు శ్రీ చుట్టందే చెయ్యి కదలదు. ఇంటర్నెట్లో వెతికి మరీ తెలుగు 'శ్రీ' తెచ్చి అతికించాను. ఆ మధ్యాహ్నం గేట్‌పాసులు వాయ దింపిన పకోడీల్లా వేడివేడిగా వచ్చాయి. లారీలు కదిలాయి. డ్రైవరన్న చల్లటి మజ్జిగ సీసా కొనిచ్చాడు.

మర్నాడు పిలవకుండానే పాస్‌వర్డ్ సారు ఊడిపడ్డారు. సిటీలో ఆయన తెర మీద, ప్రింటర్ల పేర్ల మధ్య, ఎవరికీ అంతుబట్టని మెలికల గుర్తు ఒకటి పుట్టిందట. ఎవడో దొంగ చొరబడ్డాడని హెడ్డాఫీసంతా హడలిపోతోందట. ఆ గుర్తును ఫోన్లో ఫొటో తీసుకొచ్చి అందరికీ చూపిస్తున్నారు. ఉద్యోగం పోతే పోయింది, రేపు మామా ముందు పిన్ని ఏ మొహం పెట్టుకుని నిలబడుతుంది? అంతలో డ్రైవరన్న ఆ ఫొటో చూసి మురిసిపోతూ, "యే శ్రీ హై సాబ్. హమారా తమ్ముడు లగాయా. బహుత్ అచ్ఛా లడ్కా" అని నా భుజం తట్టాడు.

సారు నన్ను లోపలికి తీసుకెళ్లి తలుపేశారు. ఎలా వెళ్లావో చూపించమన్నారు. చూపించాను, మందూబ్ కారు సంగతీ చెప్పాను. ఆయన తానే మళ్లీ చేసి చూసుకుని, "మామూలు మనిషిని మెషీన్‌కి యజమానిని చేసే లోపం ఇది. ఇలాంటివి ఉంటాయని తెలుసు గానీ, మన ఇంట్లోనే ఉందనుకోలేదు" అన్నారు. (ఆయన ఇంగ్లీషుకు ఇది నా తెలుగు.) తర్వాత అసలు ప్రశ్న వేశారు. "ఇదే మెషీన్లో మేనేజర్ ఫైళ్లున్నాయి. ఏమేం చూశావు?"

"ఏం చూడలేదు సార్. ప్రింటరొక్కటే."

నమ్మలేదు. మెషీన్ గుర్తు పెట్టుకున్నదంతా తిరగేశారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి కళ్లజోడు తీసి, "ఖజానా తలుపు తెరుచుకుంటే, లోపలికెళ్లి ప్రింటర్ తగిలించి వచ్చావా" అన్నారు. అది తిట్టో మెప్పో నాకు తెలియలేదు. బయటికొచ్చి మేనేజరుతో మాత్రం, "ఇలాంటివాణ్ణి మన పక్కన ఉంచుకోవడమే మంచిది. ఇఖామా కొట్టించండి" అన్నారు.

ఆ శుక్రవారం పిన్ని ఫోన్ చేసి, "మామా నన్ను పిల్సి, మీ పిల్లోడు మంచోడంట అనింది రా. ఏం జేసినావు?" అంది.

"ప్రింటర్ పెట్టినా పిన్నీ."

"దానికేనా?" అని చాలాసేపు నవ్వింది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు సారు రాస్తే, కొన్నాళ్లకు బాగుచేసిన కొత్తది వచ్చింది. నేను ముందుగా ఆ కిటికీ దగ్గరికే వెళ్లాను. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మంచిదే అయినా, మనసు కొంచెం చివుక్కుమంది. ఇప్పుడు పాస్‌వర్డ్ సారు కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. గోడౌన్ల నుంచి ఫోన్ వస్తే "బుక్రా" అంటున్నది కూడా నేనే. ఆ ప్రింటర్ ఎప్పుడో పోయింది గానీ, దాని చోటికి ఏది వచ్చినా నేను పేరు మార్చలేదు. తెర మీద ఇంగ్లీషు పేర్ల మధ్య ఇప్పటికీ ఒక శ్రీ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు అదేమిటని అడుగుతారు. అది మా పిన్ని పరువు అని చెప్పాలనిపిస్తుంది. ప్రింటర్ అని చెబుతాను.