గొరిల్లాల గదుల మధ్య తలుపు

మా కేజీఎఫ్‌లో కేజ్ అంటే జంతువుల బోను కాదు, గనిలోకి మనుషుల్ని దించే లిఫ్టు. గని మూతపడేదాకా మా నాన్న ఆ కేజ్ గేటు దగ్గరే పనిచేశాడు. గేటు పూర్తిగా పడనిదే కేజ్ దించమని బెల్లు కొట్టేవాడు కాదు. మూసి ఉన్న గేటే ప్రాణం కాపాడుతుందన్న నమ్మకం నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది. కామసముద్రం దాటాక గుట్టల మధ్య ఉన్న ప్రైవేటు జూలో గొరిల్లాలను చూసుకునే పనిలో చేరినప్పుడు, తాళాల విషయంలో మంచి పేరే తెచ్చుకున్నాను. తెరవాల్సి వచ్చినప్పుడు నా సంగతి బయటపడింది.

పోయిన ఏడాది ఒక ఆడ గొరిల్లాను తెచ్చారు. ప్రయాణంలో భయంతో ముంజేతి వెంట్రుకలు పీక్కుని ఉంది. నల్లటి చర్మం కనిపించేది. దాన్ని అప్పటికే మా దగ్గరున్న మగ గొరిల్లా పక్క గదిలో పెట్టాం. రెండు గదుల మధ్య ఇనుప జాలీ, బయటి సందులోంచి గొలుసు లాగితే పక్కకు జరిగే ఇనుప తలుపు. కొన్ని నెలలు అవి జాలీలోంచే ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నెలలో ఒకటి రెండు రోజులు, ఎదకొచ్చినప్పుడు, ఆడది తనంతట తానే వచ్చి జాలీకి ఆనుకుని కూర్చునేది. ఆ రోజుల్లో తలుపు తెరిచి కలపాలి. జత కుదరకపోతే దాన్ని మరో జూకి పంపించేస్తారు. ఇంకో ప్రయాణాన్ని అది తట్టుకోదని జూ డాక్టర్ ముందే చెప్పాడు.

నేను తెరవలేదు. మగది పరుగెత్తుకొచ్చి భుజంతో తలుపును గుద్దితే నేను నిలబడ్డ సందులో నేల అదిరేది. తెరిచాక అది ఆడదాని మీద పడితే? మళ్లీ మూయబోతే మధ్యలో ఏ చెయ్యో నలిగితే? డాక్టర్ అడిగినప్పుడు "తలుపు ఇరుక్కుంది సార్" అన్నాను. మరుసటి నెలా అదే మాట. గనివాళ్ల కొడుకు ఇనుము గురించి అబద్ధమాడతాడని ఆయనకు తట్టలేదు.

ఆడదాని కోసమే భయపడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఏమైనా జరిగితే గొలుసు లాగింది ఎవరని నన్ను అడుగుతారు. నా భయమంతా అదే.

ఆ తర్వాతి నెల డాక్టర్ మా కాలనీ వెల్డర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. వెల్డర్ తలుపు జరిగే పట్టాను వేలితో తడిమి, వేలికంటిన గ్రీజును నా చొక్కాకు పూశాడు.

"ఏందన్నా ఇది? పెండ్లికొడుకు చెంప మాదిరి నున్నగా ఉండాది. ఇరుక్కోనుండేది యాడ?"

డాక్టర్ నవ్వలేదు. "ఏమప్పా, నిజం చెప్పు."

"భయపడినాను సార్."

"భయమని చెప్పింటే వచ్చి నీ పక్కన నిలబడుందును గదప్పా. ఇరుక్కోనిందంటివి, ఇనుమును బాగుచేసేదానికి ఈయప్పను పిల్చుకోనొస్తిని." ఆయన జాలీ వైపు చూశాడు. "ఇంగ ఈ తూరి తప్పితే దాన్ని పంపించేస్తారు. ఈపొద్దు జాలీ కాడే ఉండాది. తెరుస్తావా, నేను తెరిసేదా?"

రెండు గదుల్లోనూ మల్బరీ కొమ్మలు వేశాను. కొట్లాడితే విడదీయడానికి డాక్టర్ నీళ్ల పైపు పట్టుకున్నాడు. నేను గొలుసు లాగాను.

మగది ఒక్క ఊపున ఆడదాని గదిలోకి దూసుకొచ్చింది. ఆడది కీచుమని మూలకు పరుగెత్తింది. గోడకు ఏదో దబ్బుమని తగిలింది. నా చేతులు వాటంతటవే గొలుసును వెనక్కి లాగబోయాయి.

"మూయొద్దు! మగదాని కాలు పట్టా మీదుండాది!" అని డాక్టర్ అరిచాడు.

కళ్లు మూసుకున్నాను, అది కూడా నా తప్పే. తెరిచేసరికి ఆడదే అరుస్తూ మగదాని మీదికి వెళుతోంది. అంత పెద్ద శరీరమూ ఒక్కో అడుగే వెనక్కి తగ్గింది. తర్వాత ఆడది దానికి వీపు తిప్పి కూర్చుని, మల్బరీ ఆకులు దూయడం మొదలుపెట్టింది. డాక్టర్ నా వేళ్లను ఒక్కొక్కటిగా గొలుసు నుంచి విడదీశాడు.

ఆడదాన్ని పంపే మాట ఆగిపోయింది. ఇప్పుడది కడుపుతో ఉంది. పుట్టబోయే పిల్లను ఎత్తుకుంటుందో, కింద పడేస్తుందో, మగది ఏం చేస్తుందోనని రోజూ భయపడుతూనే ఉన్నాను. ఈసారి దాచుకోకుండా డాక్టర్‌కు చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు నాకు చెప్పినావు, సరే. నా భయం నేనెవురికి చెప్పుకోవాలప్పా?"