శుక్రవారం డబ్బా

"...మీ దగ్గర బాగుండి నా దగ్గర బాగోకపోవడానికి, ఆ పిల్లేమైనా ఇద్దరు మనుషులా మేడమ్?"

తెర అవతల హాల్దార్ డాక్టరుగారు ఫోన్‌లో బెంగాలీలో అంటున్నారు. కొడుకు జాబేజ్ పుట్టిన దగ్గర్నుంచి లిలువాలో సాల్మన్ రాజు ఇంటికి ఆయనే వైద్యుడు. ఆయన గొంతు పెంచగా రాజు వినడం ఇదే మొదలు. బెంచీ మీద పక్కనే ఉన్న కోడలు కారుణ్యకి బెంగాలీ ఇంకా పట్టుబడలేదు. అదే నయమనుకున్నాడు.

కారుణ్యకి మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. అందుకని ఈసారి ఇద్దరు వైద్యులు పంచుకున్నారు. మామూలు పరీక్షలు ప్రతి మంగళవారం హాల్దార్ గారివి. స్కానింగులూ కాన్పూ నది అవతల పెద్దాసుపత్రి మేడమ్‌వి. ఆవిడ చూసేది శుక్రవారాలే. కొడుక్కి గార్డెన్ రీచ్‌లో షిఫ్టులు కాబట్టి, రెండుచోట్లకీ తీసుకెళ్ళేది రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరైన సాల్మన్ రాజే.

ఆరో నెలలో షుగరు పట్టుకుంది. తిన్నాక రక్తం తీస్తే ఇక్కడ ఎక్కువ, అక్కడ సరిగ్గా ఉంటోంది. మీ మిషనే పాడైందేమో అంటుంది మేడమ్. ఇన్సులిన్ ఆలస్యమైతే బిడ్డకి ప్రమాదం అంటారు ఈయన.

ఫోన్ పెట్టేసి డాక్టరుగారు అతన్ని లోపలికి పిలిచారు.

"రాజుదా, మంగళవారం చెయ్యనిది శుక్రవారం మీ కోడలు ఏం చేస్తోంది?"

ఏమీ లేదన్నాడు. అదే అన్నం, అదే కూర. భార్య విజయ కుమారి తన చేత్తోనే డబ్బా సర్దుతుంది. ఆసుపత్రిలో ఆడవాళ్ళ హాల్లోకి మగవాళ్ళని రానివ్వరు గనక తను బయట టీ తాగుతూ కూర్చుంటాడు. డబ్బా మాత్రం ఖాళీగానే తిరిగొస్తుంది.

ఇంటికి నడుస్తూ స్టేషన్ వంతెన ఎక్కుతుంటే అతనికి శుక్రవారాలు అంతదూరం కాకద్వీప్ నుంచి మేడమ్‌కి చూపించుకోడానికి వచ్చే బక్కపల్చటి గర్భిణి గుర్తొచ్చింది. మొన్న ఆసుపత్రి గేటు దగ్గర ఆపి, దాదా, మీ ఇంటి చేపల పులుసు చాలా బాగుంటుంది అంది. రుచి చూసుంటుంది కాబోలు అనుకున్నాడప్పుడు.

వంతెన మధ్యలో ఆగాడు.

"ఏటమ్మా, శుక్రవారం డబ్బా ఎవరికి పెడుతున్నావు?"

కారుణ్య రెయిలింగు పట్టుకుంది. కింద లోకల్ రైలు వెళ్ళిపోయింది.

"దేవుడికి మాటిచ్చాను మావయ్యా. బిడ్డ చేతికొచ్చేదాకా శుక్రవారం పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళే అని. అత్తమ్మకి తెలిస్తే ఉపవాసం ఉండనివ్వదు."

"డాక్టరమ్మ అడిగితేనో?"

"తిన్నానని చెప్పేదాన్ని."

అతను కోప్పడలేదు. పద, వెనక్కెళ్దాం అని మాత్రం అన్నాడు. హాల్దార్ గారు అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ ఫోన్ చేసి ఈసారి నెమ్మదిగా మాట్లాడారు. శుక్రవారం మామూలుగా తిని రమ్మంది మేడమ్, ఇన్సులిన్ సంగతి అప్పుడు చూస్తానంది.

తినాలని కారుణ్యకి తెలుసు, తలూపింది కూడా. దారంతా మాత్రం ఒక్కటే అడిగింది. "మాట తప్పితే దేవుడు ఊరుకుంటాడా మావయ్యా? పోయినసారి ఏ మాటా ఇవ్వలేదు. అందుకే పోయిందనుకున్నాను." పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆ పిల్ల మెట్లు దిగుతుంటే, సాల్మన్ రాజు ఒక మెట్టు ముందు నడిచాడు.

ఉపవాసాల గురించి అతన్ని అడగడం దండగ. వర్క్‌షాప్‌లో సైరన్ మోగకముందే డబ్బా మూత తీసేవాడని పేరు. ఈస్టరు ముందు అందరూ ఉపవాసాలుండే శ్రమల దినాల్లో కూడా ఆయనకి చేపముక్క లేనిదే ముద్ద దిగదని విజయ కుమారి చర్చి ఆడవాళ్ళ దగ్గర దెప్పుతుంటుంది. మీ ఆయన కడుపులో గడియారం ఉందమ్మా అని పాస్టరుగారు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. భోజనం ముందు ప్రార్థన కూడా రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.

ఇంటికెళ్ళగానే కారుణ్యే అత్తగారికి చెప్పేసింది. విజయ కుమారి వంటింట్లోకి వెళ్ళి, వచ్చి ముగ్గురికీ కంచాలు పెట్టింది. కోడలి కంచంలో ముల్లు తీసిన చేపముక్కలు వేసింది. కారుణ్య వాటిని చూస్తూ కూర్చుంది.

సాల్మన్ రాజు కళ్ళు మూసుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ తలమీద కొంగు వేసుకున్నారు.

"ప్రభువా, ఈ ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం." ఎప్పుడూ అక్కడితో ఆపేవాడు. ఈసారి ఆపలేదు. "మా కారుణ్య నీకొక మాటిచ్చింది. అది నా మాటగా రాసుకో. వచ్చే శుక్రవారం నుంచి బిడ్డ చేతికొచ్చేదాకా ఆ ఉపవాసం నేనుంటాను. అమ్మాయి తింటాది. ఆమేన్."