గంగాధర్ జారుడు పడవలు

ఎగ్జిబిషన్ అనగానే అందరికీ జెయింట్ వీలూ, మృత్యుబావీ, అప్పడాలంత మిర్చి బజ్జీలూ గుర్తొస్తాయి. విజయవాడ వాళ్ళకి మాత్రం ఒకప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చేది. జారుడు పడవలు. అటు మైలవరం దాకా, ఇటు హనుమాన్ జంక్షన్ దాకా ఎక్కడ తిరణాల జరిగినా, ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా ఆ రెండు చెక్క పడవలూ లారీ ఎక్కి వచ్చేసేవి. మోటారు లేదు, జనరేటరు లేదు. కరెంటు పోయి జెయింట్ వీలు మీద ఇరుక్కున్న జనం దేవుళ్ళకి మొక్కుకుంటుంటే, ఇక్కడ ఒక పడవ దిగుతూ ఒక పడవ ఎక్కుతూ వాటి మానాన అవి తిరిగేవి. వాటిని కట్టిన మనిషి పేరు గంగాధర్. ఆ సంగతి లోకానికంతా తెలుసు. ఎందుకు కట్టాడో, మొదటిరోజు నలుగురిలో ఎలా పరువు పోగొట్టుకున్నాడో మాత్రం ఆయన భార్య కనకదుర్గకి తెలుసు. ఆవిడ చేపలు తూచేటప్పుడు తప్ప మిగతా అన్ని విషయాల్లోనూ ధారాళమైన మనిషి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

గంగాధర్‌ది బందరు అవతల సముద్రపు ఒడ్డు. వాళ్ళ తాత, తండ్రి నావలు కట్టినవాళ్ళు. ఆయనా అదే పని నేర్చాడు. తొంభైల్లో ఫైబరు పడవలు వచ్చిపడ్డాయి. చెక్క నావ కావాలని గడప తొక్కేవాళ్ళు తగ్గిపోయారు. పని లేక బోర్లించిన నావ మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండే మొగుణ్ణి కొన్నాళ్ళు భరించి, ఇక లాభం లేదని ఇల్లు సర్ది, విజయవాడ తీసుకొచ్చేసింది కనకదుర్గ. ఆవిడ మార్కెట్‌లో చేపలు అమ్మేది. ఆయన తలుపులు బాగు చేసేవాడు, మంచాలకి కోళ్ళు వేసేవాడు. అలల మీదికి నావల్ని పంపిన చేతులతో మంచం కోళ్ళు చెక్కడం ఆయనకి మహా నామోషీగా ఉండేది. పైకి అనేవాడు కాదు. అసలు పైకి ఏమీ అనేవాడు కాదు, అదే కనకదుర్గ దిగులు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, పద్మశ్రీ. పసితనంలో జ్వరం వచ్చి కుడికాల్లో బలం తీసుకుపోయింది. ఇనప కడ్డీలు బిగించిన బూటు వేసుకుని నడిచేది. మెట్లు కనిపిస్తే వెనక్కి తిరిగి కూర్చుని, చేతుల మీద ఒక్కో మెట్టూ ఎక్కేది. ఎవరైనా జాలిపడి ఎత్తుకోబోతే కరిచేది. నిజంగానే కరిచేది. బడిలో పంతులమ్మని ఒకసారి కరిచింది. నన్ను ఎత్తుకోవద్దు అన్నది ఆ పిల్ల మొదటినుంచీ పట్టిన పట్టు, ఆ పట్టు మీద కనకదుర్గకి కోపమూ ఉండేది, గర్వమూ ఉండేది.

ఒక ఏడాది బందరు రోడ్డు పక్కన గ్రౌండులో ఎగ్జిబిషన్ పెడితే ముగ్గురూ వెళ్ళారు. పద్మశ్రీ జెయింట్ వీలు ఎక్కుతానంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే నిలువు నిచ్చెనలాంటి ఇనప మెట్లున్నాయి. కూర్చుని ఎక్కే మెట్లు కావవి. ఎగ్జిబిషన్ మేనేజరు జయదేవ్ గారు అక్కడే ఉన్నాడు. పెద్ద పొట్ట, మెత్తటి మాట, పంతుళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి.

"మీరు ఎత్తుకుని కూర్చోబెడితే నాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడాయన.

పద్మశ్రీ ఒకసారి పైకి చూసింది. "వద్దులే నాన్నా. ఇంటికి పోదాం," అంది.

ఆటోలో వెనక్కి వచ్చేశారు. ఇంటి సందు మొదట్లో దిగాక గంగాధర్ నోరు విప్పాడు. "ఎత్తుకోకుండా మనిషిని పైకెక్కించాలంటే ఎట్టాగంటావు?"

"నన్నడుగుతావేంటి మావా, చెక్కపని నీదా నాదా?" అంది కనకదుర్గ. ఆ తర్వాత దాని గురించి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. తెల్లారి నుంచి మార్కెట్‌లో ఆవిడ పక్కన చేరి కూర్చోవడం మొదలుపెట్టాడు. చేపల వాసన మీద మోజేమో అనుకుంది. చేపల్ని చూడటంలేదు, ఆవిడ చేతిలో తక్కెడని చూస్తున్నాడు. రాళ్ళున్న పళ్ళెం కిందికి దిగుతుంటే చేపలున్న పళ్ళెం తనంతట తను లేస్తోంది. చేపని ఎవరూ ఎత్తడంలేదు.

ఆ సాయంత్రం పాత తలుపు రెక్కొకటి గోడకి ఏటవాలుగా ఆనించాడు. పైన దారం అయిపోయిన కండె ఒకటి మేకుకి తగిలించి, దాని మీదుగా దారం వేసి, రెండు కొసలకీ రెండు కొబ్బరి చిప్పలు కట్టాడు. పై చిప్పలో గులకరాళ్ళు పోస్తే అది జారింది, కింది చిప్ప పైకెక్కింది. అంతే సంగతి. అంతే సంగతి అని చెప్పడం తేలికే. తలుపు మరీ పడుకుంటే చిప్పలు కదలవు, మరీ నిలబడితే దభీమని కిందపడి పగులుతాయి. తలుపు కింద ఇటికలు పెడుతూ తీస్తూ ఎన్ని కొబ్బరి చిప్పలు నాశనం చేశాడో లెక్కలేదు. ఆ వారమంతా ఇంట్లో కొబ్బరి పచ్చడే. పద్మశ్రీ బడి నుంచి రాగానే ఆ తలుపు ముందు బైఠాయించేది.

"పైన ఉన్నోళ్ళు బరువైతేనే కిందున్నోళ్ళు పైకొత్తారు కదా నాన్నా," అందొకరోజు.

"అంతేనమ్మా," అన్నాడు గంగాధర్, చాలా రోజుల తర్వాత నవ్వి. ఆ నవ్వు చూశాక కనకదుర్గ ఆ తలుపు జోలికి పోలేదు, ఎవర్నీ పోనివ్వలేదు.

గంగాధర్ ఆ తలుపునీ చిప్పల్నీ గ్రౌండుకి మోసుకెళ్ళి చూపిస్తే, జయదేవ్ గారు ఆ బొమ్మతో చాలాసేపు ఆడుకున్నాడు. కరెంటు కోతలతో, డీజిలు ఖర్చుతో విసిగిపోయి ఉన్నాడేమో, గ్రౌండులో ఒక మూల చూపించి, పాత గ్యాలరీ చెక్కలు వాడుకోమన్నాడు. "ముందు ఇసక బస్తాలతో తిప్పి చూపించండి. బస్తాలకేం కాకపోతే అప్పుడు మనుషుల సంగతి చూద్దాం," అన్నాడు.

గంగాధర్ మళ్ళీ నావలు కట్టాడు. రెండంతస్తుల మేడంత ఎత్తున మంచె కట్టి, అక్కణ్ణుంచి నేల దాకా పక్కపక్కనే రెండు చెక్క కాలవలు దించాడు. ఒక్కో కాలవలో ఒక్కో చిన్న పడవ, అడుగున చక్రాలేమీ లేవు, నున్నటి పట్టీల మీద జారడమే. రెంటికీ కలిపి ఒకటే మోకు, మంచె మీద పెద్ద గిలక మీదుగా. గిలకని నొక్కి ఆపడానికి చెక్క బ్రేకు. కాలవల్ని ఎంత చిత్రిక పట్టాడంటే అరచేత్తో రాస్తే పేడు గుచ్చుకునేది కాదు. ఇసక బస్తాలు దర్జాగా దిగాయి, దర్జాగా ఎక్కాయి. జయదేవ్ గారు తల ఊపాడు.

అక్కడితో ఆగితే బావుండేది. కానీ ఆయన నావలు కట్టే వంశంలో పుట్టాడు. కొత్త నావకి సొరచేప నూనె పట్టించకుండా దింపడం వాళ్ళ ఇంటా వంటా లేదు. నూనె తాగని నావ అప్పగింతలు కాని పెళ్ళికూతురితో సమానమని వాళ్ళ నాన్న అనేవాడట. ఊరికి కబురు పెట్టి డబ్బాడు సొర నూనె తెప్పించాడు.

"ఈ ఊరోళ్ళ ముక్కులు మన ముక్కుల్లాంటివి కావు మావా," అంది కనకదుర్గ.

"నావ కదే," అన్నాడు. పడవలకే కాదు, కాలవల పొడవునా కూడా రెండు చేతులతో పట్టించాడు. రెండు రోజులు ఎండలో ఆరనిచ్చాడు.

మొదటిరోజు సాయంత్రం జనం బాగానే చేరారు. జనం కంటే ముందు ఆ పేటలో ఉన్న పిల్లులన్నీ చేరాయి. కట్టినవాడి ఇంటి మనుషులే ముందు ఎక్కాలన్నది కూడా వాళ్ళ ఆనవాయితీ. కాబట్టి కనకదుర్గ మెట్లెక్కి పై పడవలో కూర్చుంది. కింద పద్మశ్రీ తనంతట తను పడవ అంచు పట్టుకుని లోపలికి జరిగి, బూటు కాలు సర్దుకుని, జడలు వెనక్కి వేసుకుంది. గంగాధర్ కొబ్బరికాయ కొట్టి బ్రేకు వదిలాడు.

పడవ కదిలింది. కదిలిందే కానీ, ఇసక బస్తాల నాటి జోరు లేదు. ఈడ్చుకుంటూ, నసుగుతూ సగం దూరం వచ్చి, జిగట కాగితానికి అతుక్కున్న ఈగలా ఆగిపోయింది. కింది నుంచి వచ్చిన పద్మశ్రీ పడవ కూడా సరిగ్గా దాని పక్కనే ఆగింది. తల్లీ కూతురూ గాల్లో పక్కపక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో. కనకదుర్గ ఊగింది, వంగింది, పడవని బాదింది. అది కదలదు. కింద ఎవరో చీరకొంగుతో ముక్కు మూసుకుని, "ఇదేం చేపల కొట్టండీ," అన్నారు. కొందరు నవ్వారు.

"నాన్న వత్తాడు, ఉండు," అంది కనకదుర్గ కూతురితో.

గంగాధర్ కాలవ అంచుల మీద కాళ్ళు ఆనించి పైనుంచి దిగి వచ్చాడు. వేరే దారి లేదు. కూతుర్ని ఎత్తి భుజాన వేసుకుని, అంతమంది ముందు కిందికి మోసుకెళ్ళాడు. ఆ పిల్ల కరవలేదు. కరిచినా బావుండేదని కనకదుర్గ ఇప్పటికీ అంటుంది. తండ్రి భుజం మీద గుడ్డమూటలా వేలాడుతూ కళ్ళు మూసుకుంది, అంతే. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం మానేసింది.

గంగాధర్ మళ్ళీ మాటలు మానేసి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. కనకదుర్గకి ఒళ్ళు మండిపోయింది.

"నావకి నూనె ఎందుకు పూత్తారు మావా?"

"నీళ్ళు పట్టకుండా. ఆరితే పైన పొరలాగా కట్టుద్ది..."

"మరి ఆ గ్రౌండులో నీళ్ళేయి?"

ఆయన ఆవిడ వంక చూశాడు. తర్వాత తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఆరిన సొర నూనె నీటిని ఆపుతుంది, నిజమే. జారేదాన్ని కూడా ఆపుతుంది. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే. తెలిసీ పూశాడు, ఎందుకంటే పూయడం తప్ప మానడం అన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మర్నాడు చిత్రిక పట్టే తోపడా తీసుకుని వెళ్ళి, తాను ప్రేమగా పట్టించిన నూనెనంతా పొర పొరగా గీకేశాడు. తండ్రి తాతల్ని గీకేస్తున్నట్టే ఉందని ఆయన అన్నది ఆ ఒక్క మాటే. అందుకే కనకదుర్గకి ఆయనంటే అంత గౌరవం. మొండితనం ఎవడికైనా ఉంటుంది, తన పొరపాటుని తన చేతుల్తో గీకి పారబోసే మొగాళ్ళు ఎంతమంది ఉంటారు?

జయదేవ్ గారికి క్యారమ్స్ పిచ్చి. మధ్యాహ్నం పూట టెంటులో బోర్డు ముందే ఉండేవాడు. గీకిన కాలవల్ని చూసి లోపలికెళ్ళి బోర్డు మీద చల్లే పౌడరు డబ్బాలు పట్టుకొచ్చాడు. "స్ట్రైకరు దేనిమీద జారుతుందనుకున్నారు గంగాధర్? ముందు కొవ్వొత్తి రుద్ది, పైన ఇది చల్లి చూడండి," అన్నాడు. చల్లారు. ఇసక బస్తా వెన్న మీద జారినట్టు జారింది. గంగాధర్ ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

బస్తాలు సరే. పద్మశ్రీని ఒప్పించాలి కదా. ఆ పిల్ల తండ్రి ఎదురుగా నిలబడి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"ఈసారి ఆగిపోతే ఎత్తుకోనని ఒట్టెయ్యి. ఆగితే నేనక్కడే ఉంటా."

"ఎన్నాళ్ళుంటావే?" అంది కనకదుర్గ.

"ఉంటా."

గంగాధర్ ఒట్టేశాడు.

జనం రాకముందే, పొద్దున్నే మొదలుపెట్టారు. పై పడవలో తాను కూర్చుంటానని జయదేవ్ గారు పొట్ట నిమురుకున్నాడు. "నేనైతే ఢోకా ఉండదమ్మా. మీరు బక్కపలచగా ఉన్నారు."

"మీరెందుకు బాబూ. నా కూతురు నా బరువుతోనే పైకెక్కాలి," అంది కనకదుర్గ. అని, మార్కెట్‌కి తీసుకెళ్ళే గంప నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది. అందులో చేపల్లేవు. తూకపు రాళ్ళున్నాయి, చిన్నా పెద్దా అన్నీ. పడవలో కూర్చుని గంపని ఒళ్ళో పెట్టుకుంది.

బ్రేకు లేచింది. పడవ సర్రున కదిలింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, సగం దూరం దగ్గర ఆ చోటునే చూస్తోంది. ఆ చోటు వచ్చింది. కింది పడవ ఎదురొచ్చింది. కూతురు తన వంక చూస్తుందనుకుంది. ఆ పిల్ల చూడలేదు. తల ఎత్తి పైకే చూస్తోంది, నోరు కొంచెం తెరిచి. రెండు పడవలూ ఆగకుండా ఒకదాన్నొకటి దాటేశాయి.

ఆవిడ పడవ కిందికి చేరి మెత్తగా ఇసకలో ఆనింది. కనకదుర్గ మెడ వెనక్కి విరిచి చూసింది. మంచె మీద, అంత ఎత్తున, పద్మశ్రీ.

"అమ్మా, బందరు కాలవ కనపడతంది," అని పైనుంచి గొంతు. "రైలు పోతంది. మన మార్కెట్ రేకులు కూడా కనపడతన్నాయి."

"బ్రేకు నేను పట్టుకున్నా దుర్గా, నువ్వు దిగు," అని కేకేశాడు గంగాధర్.

ఆవిడ గంప పక్కన పెట్టబోయింది.

"అమ్మా, నువ్వు దిగితే నేను కిందికొచ్చేత్తానా?" అంది పద్మశ్రీ.

బ్రేకు ఉండగా రాదని కనకదుర్గకి తెలుసు. నావలు కట్టినవాడు కట్టిన బ్రేకు అది, ఏనుగు దిగినా కదలదు.

"వచ్చేత్తావు," అంది.

"అయితే దిగబాక."

కనకదుర్గ దిగలేదు. మార్కెట్‌కి వేళ మించిపోయింది, ఎండ నడినెత్తికి వచ్చింది, జయదేవ్ గారు గొడుగు పంపించాడు. తూకపు రాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, పైన పిల్లకి చూడాలనిపించినంతసేపూ ఆ తల్లి అలాగే కూర్చుంది.