మెట్ల మీది పాచి

మా అక్కకు ఎడమ కాలు చచ్చుబడినప్పుడు, రోజూ నీళ్లలో నడిపిస్తే మళ్లీ కదలిక వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆదోనిలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో నడుము లోతు స్విమ్మింగ్ పూల్ కట్టించాను. తాగడానికే నీళ్లు లేని ఊళ్లో వీడికి ఈత సరదా పుట్టిందని బంధువులు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఎమ్మిగనూరులో టీచరు పని చేస్తూ, తన పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వకుండా నన్ను చదివించింది.

నాలుగు నెలలకు గోడ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

ఎండాకాలంలో పూల్ నీళ్లు శుభ్రం చేసే మోటారు చెడి, బాగుచేయించేసరికి వారం పట్టింది. నీళ్లు పచ్చబడ్డాయి. ఇంటి సంపులో వేసినట్టే బ్లీచింగ్ పౌడరు కలిపి పోశాను. నీళ్లయితే తేటపడ్డాయి కానీ, మెట్లకు పరిచిన నాపరాళ్ల మీద పాచి మరకలు అలాగే ఉండిపోయాయి. పూల్ కట్టిన కౌతాళం మేస్త్రీ వచ్చి చూశాడు.

"నీళ్లన్నీ వదిలేసి బ్రష్షుతో రుద్దల్లన్నా. సూసేదానికి మరకే గానీ, సెయ్యి పెట్టి సూడు, జారతాది."

నాకు మనసొప్పలేదు. వీధి కుళాయి దగ్గర బిందెలు వరుసలో ఉంటే, అన్ని నీళ్లు కాలువలోకి ఎలా వదలను? వానలు పడ్డాక చూద్దామన్నాను.

మర్నాడు అక్క మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. "జారతాదేమో రా" అంది. నాకు విసుగొచ్చింది. అడుగు దాకా కనబడుతుంటే ఇంకా భయమేమిటని కసిరాను.

"దిగు, ఏం కాదు."

నా మాట మీద దిగింది. రెండో మెట్టు మీదే కాలు జారింది. నేను పట్టుకునేలోగా తల మునిగింది. పైకెత్తి కూర్చోబెడితే, ఊపిరాడక దగ్గుతూ నా చొక్కా పట్టుకుని వదల్లేదు.

ఆ సాయంత్రమే నీళ్లన్నీ వదిలేశాను. మేస్త్రీని పిలవకుండా నేనే మోకాళ్ల మీద కూర్చుని, చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాను. మరకలు పోయాయి. ట్యాంకర్లు తెప్పించి మళ్లీ నింపాను. రోజూ అక్కను నీళ్లలోకి పిలిచేవాణ్ని. "రేపు సూద్దాంలే" అనేది. కాలు మళ్లీ బిగుసుకుపోయింది. ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి నేనే ఎత్తి కూర్చోబెడతాను. తప్పు నాదేనని తెలుసు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నీళ్లంటే అంత భయమా అక్కా?"

"నీళ్లంటే కాదురా" అంది, నా మొహం చూడకుండా. "దిగు, ఏం కాదని మళ్లా అంటావని."