తెర వెనక నుంచి చూసిన హంతకుడు

మొన్న మధ్యాహ్నం భోంచేసి టీవీ పెడితే పాత నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమా ఒకటి వస్తోంది. పడక్కుర్చీలో కునుకు తీద్దామనుకున్నదాన్ని, బంగళాలో షావుకారు హత్య జరగ్గానే లేచి కూర్చున్నాను. అరవై ఏళ్ల కిందట విడవలూరులో డేరా వేసినప్పుడు నేను చూసిన సినిమా అదే. అయితే అప్పుడు వెనక నుంచి చూశాను. ముందు నుంచి చూసే భాగ్యం ఇన్నేళ్లకు కలిగింది.

వెనక నుంచి అంటే ఏమిటో చెప్పాలి. ఎస్సెస్సెల్సీ పరీక్షలు రాసి ఆ వేసవిలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. కోతలైపోయాయి కదా అని ఊరి బయట బీడులో సినిమా డేరా వేశారు. డేరా చిన్నది, జనం ఎక్కువ. ఆడా మగా కలిసి కూర్చుంటే ఊరు ఒప్పుకోదు. అందుకని డేరా ఆసామి తెరను నడిమధ్య కట్టించి మగవాళ్లను ముందు, ఆడవాళ్లను వెనక కూర్చోబెట్టాడు. బొమ్మ మా వైపుకీ దిగాలని ఆటకు ముందు తెర మీద నీళ్లు చల్లేవాళ్లు. దిగేది కూడా. ఇసుక మీద చాప, ఒళ్లో వేయించిన శనక్కాయలు, సముద్రపు గాలికి తెర ఊగినప్పుడల్లా అటూ ఇటూ సాగే హీరోయిన్ మొహం, మాకు అంతకంటే ఏం కావాలి? పేర్లు పడేటప్పుడు అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి కనిపించాయి. మా వరసలో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ సంగతి ఇంకెవరికీ పట్టలేదు.

ఆ సినిమా సగం హత్య కథ, సగం దొంగల ముఠా కథ. షావుకారును చంపినవాణ్ణి వెతుక్కుంటూ పోయిన డిటెక్టివ్, రేవులో దొంగ బంగారం దించే ముఠాలో తేలతాడు. రెండు సినిమాలు కలిపి బొంత కుట్టారని మా మామ తీర్పు. హంతకుడిది ఎడమచేతి వాటమని డిటెక్టివ్ మొదట్లోనే కనిపెట్టి, చివర్లో ముఠా నాయకుడు ఎడమ చేత్తో సిగరెట్ వెలిగించగానే పట్టేస్తాడు. అది తెర ముందు కథ. తెర వెనక మాకేమో సినిమాలో అందరూ ఎడమ చేత్తోనే అన్నం తిన్నారు, ఎడమ చేత్తోనే సంతకాలు పెట్టారు. పట్నంలో అంతే కాబోలని అత్త సరిపెట్టుకుంది. మొత్తం సినిమాలో కుడిచేతివాడు ముఠా నాయకుడొక్కడే. వాడికే బేడీలు పడేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది.

"వాడు కాదబ్బా చంపింది. కుడిచేతి మనిషిని ఊరికే పట్టుకోని పోయినారు," అంది దారి పొడుగునా. వాడే ఒప్పుకున్నాడు కదా అని మామ అంటే, "కొడితే ఎవుడైనా ఒప్పుకుంటాడు," అంది. తెల్లారేసరికి ఈ మాట ఊరంతా పాకి మగవాళ్లు ఒకటే నవ్వు. మిగతా ఆడవాళ్లు తమనూ నవ్వుతారని నోరు మెదపలేదు. తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందని నాకు తెలుసు. కానీ అత్త వాదన భలే సరదాగా ఉంది, రేపు చెబుదాంలే అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆ నవ్వులాట ఒకరి కొంప మీదికి వచ్చింది. వేసవి పైరుకు కాలవ నీళ్లను వంతులవారీగా పెట్టుకునే రోజులవి. పక్క పొలం ఆసామి వంతున ఎవరో గట్టుకు గండి కొట్టారు. నీళ్లు పల్లంలో ఉన్న అతని తమ్ముడి మడిలోకీ, మా మామ మడిలోకీ పారిపోయాయి. ఆసామి నేరాన్ని మా పాలేరు మీద మోపాడు. గండి కొట్టినవాడికి ఊళ్లో ఎవరూ పని ఇవ్వకూడదని కట్టుబాటు. మా వాకిట్లో పెద్దలు కూర్చున్నారు. మగవాళ్ల ముందు ఏనాడూ మాట్లాడని అత్త గడప దాకా వచ్చింది.

"గండి కొట్టింది ఆయన తమ్ముడు. తెల్లారగట్ల పాలు పిండేదానికి దొడ్లోకి పోతా, దొడ్డెనక కాలవ గట్టు మీద నా కళ్లతో చూసినాను," అంది.

ఆసామి నవ్వాడు. "సినిమాలో కుడిచెయ్యేదో ఎడంచెయ్యేదో తెలీని మనిషి. ఈమె చూసినానంటే ఎట్ట నమ్మేదన్నా?"

పెద్దలందరూ నవ్వారు. మామ తల వంచుకున్నాడు. తలుపు చాటున నేనున్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. పెద్దల ముందు ఆడపిల్ల నోరు విప్పకూడదు కదా అని అప్పుడు అనుకున్నాను. ఉత్త పిరికితనం. కట్టుబాటు పడింది. మర్నాడు పాలేరు పెళ్లాం బిడ్డలతో జువ్వలదిన్నె వెళ్లిపోయాడు, పడవల్లో కూలికి. పుట్టి బుద్ధెరిగి వల పట్టని మనిషి. అత్త వాళ్లకు బియ్యం మూట కట్టి ఇచ్చింది.

నాలుగు రోజులు పోయాక, అత్త బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని తెర సంగతి చెప్పాను. చేట పక్కన పెట్టి అంతా విన్నది.

"అట్టనా. అయితే నా కళ్లు బాగానే ఉండాయి," అంది. మళ్లీ చేట చేతిలోకి తీసుకున్నాక, "నాలుగు దినాల ముందర చెప్పుంటే బాగుండేది గదమ్మణ్ణీ," అంది.

ఆ సాయంత్రమే మామ పెద్దలను బతిమాలి తీసుకుపోయి తెర వెనక కూర్చోబెట్టాడు. సినిమా మారింది గానీ, అందులోనూ పెళ్లి భోజనాలన్నీ ఎడమ చేత్తోనే జరిగాయి. పెద్దలు లేచి వచ్చి కట్టుబాటు ఎత్తేశారు. జువ్వలదిన్నెకు కబురు వెళ్లింది. "నా తరపున మాట్లాడిన తల్లిని చూసి నవ్వినారు. ఆ ఊరికి మళ్లా రాలేనయ్యా," అని పాలేరు చెప్పి పంపాడు.

నన్నెవరూ ఏమీ అనలేదు. చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నారు. అత్తా మామా ఎప్పుడో పోయారు. అరవై ఏళ్లు గడిచాయంటే నమ్మగలను గానీ, ఆ నాలుగు రోజులు మాత్రం నాకింకా గడవలేదు.